ఉంగరాల జుట్టు: సగములో ఆపవలసిన సడలింపు

ఉన్ని శాలువను చాకలి సోడాలో ఉడకబెట్టరాదని ఇంటింటను తెలిసిన సంగతియే. నూలు చీర గాని, దుప్పటి గాని సోడా నీళ్లలో ఎంతసేపు ఉడికినను మల్లెపూవువలె తెల్లబడి వచ్చును. అదే గంగాళములో పొరపాటున ఉన్నిబట్ట పడినచో ముడుచుకొని, గరుకెక్కి, పసుపువారి, చివరకు వ్రేలు తగిలిన చోటనెల్ల చిరుగును. నూలు వృక్షజన్యము, అందులోని సెల్యులోజు క్షారమునకు లొంగదు. ఉన్ని జంతువు రోమము, అది మాంసకృత్తు. క్షారము దానిని కొరుకును. మనుష్యుని తలవెండ్రుకయు గొర్రె ఉన్నియు ఒకే కోవకు చెందిన పదార్థముతో తయారైనవి. కావున సోడా చేతిలో రెండింటి గతియు ఒక్కటే.

ఈ లొంగుబాటునే పనిముట్టుగా చేసికొని, మిక్కిలి బిగువుగా చుట్లు తిరిగిన జుట్టును సడలించు పద్ధతి యొకటి అమెరికా సంయుక్త రాష్ట్రములలో వ్యాపించినది. ఆఫ్రికా సంతతికి చెందిన అక్కడి స్త్రీలలో పెక్కుమందికి జుట్టు సన్నని స్ప్రింగువలె దగ్గర దగ్గర చుట్లు తిరిగి పెరుగును. వారిలో కొందరు దానిని పూర్తిగా సాపు చేయించుకొందురు. మరికొందరికి ఉంగరము పోవుట ఇష్టముండదు. బిగువు కొంత తగ్గి, దువ్వెన సాగి, చుట్టు పెద్దదైన చాలును. ఈ రెండవ కోరికను తీర్చు మందుకు అక్కడ టెక్స్చరైజర్ అని పేరు. పూర్తిగా సాపుచేయు మందును రిలాక్సర్ అందురు. పేర్లు రెండైనను చాలవరకు మందు ఒక్కటే. పూర్తిగా చేయుటకన్న సగము చేయుట తేలిక గదా యని ఎవరికైనను తోచును. రసాయనశాస్త్రము దృష్ట్యా సంగతి తారుమారు. పూర్తిగా చేయుటయే తేలిక. సగములో ఆపుట కష్టము. అది ఎందువలన కష్టమో తెలియవలెనన్న, ముందు వెండ్రుకలోనికి తొంగిచూడవలెను.

వెండ్రుక పైభాగము పెంకుటింటి కప్పువంటిది. పలుచని పొలుసులు ఒకదానిమీద ఒకటి ఎక్కి, కొనవైపునకు వాలి యుండును. దాని లోపల వెండ్రుకలో అధికభాగమైన నడిమి పొర. ఇది కొబ్బరిపీచుతో పేనిన మోకువంటిది: సన్నని పోగులు కలిసి పురి, పురులు కలిసి త్రాడు. ఈ పోగులన్నియు కెరటిన్ అను మాంసకృత్తు. ఇంగ్లండులోని లీడ్సు విశ్వవిద్యాలయమున ఆస్ట్‌బరీ అను శాస్త్రజ్ఞుడు 1930 తరువాతి సంవత్సరములలో ఉన్నిమీదను వెండ్రుకమీదను ఎక్సు కిరణములు ప్రసరింపజేసి, తడి వెండ్రుకను సాగదీసినపుడు దాని అణువుల అమరికయే మారుచున్నదని చూపెను. అణువు మరమేకువలె మెలి తిరిగి యుండునని 1951 లో లైనస్ పౌలింగ్, కోరీ, బ్రాన్సన్ అనువారు తేల్చిరి.

ఇన్ని మెలికలు విడిపోకుండ పట్టి యుంచునది బంధములు. అందు ముఖ్యమైనవి రెండు రకములు. మొదటిది ఉదజని బంధము. ఇవి లెక్కకు మిక్కిలి. కాని ఒక్కొక్కటి బలహీనము. నీరు తగిలినంతనే విడిపోవును. ఆరగానే మరల కూడును. రాత్రి తడిజుట్టును జడ వేసికొని పడుకొన్నచో తెల్లవారి విప్పినపుడు అలలు తేరుట, మరల తలంటుకొనగానే ఆ అలలు మాయమగుట దీనివలననే. రెండవది గంధక బంధము. కెరటిన్‌లో సిస్టీన్ అను ఆమినో ఆమ్లము విశేషముగా కలదు. పక్కపక్క పోగులలోని రెండు గంధక పరమాణువులు చేయిచేయి కలిపి నిచ్చెనమెట్టువలె నిలుచును. వెండ్రుక బరువులో నూటికి సుమారు 5 పాళ్లు గంధకమే. జుట్టు కాలినపుడు వచ్చు కమురు కంపులో దీనికి భాగమున్నది. ఈ బంధమును నీరు విడదీయలేదు, దువ్వెన విడదీయలేదు. వెండ్రుక తన సహజరూపమును తలస్నానముల మీదుగా ఏండ్ల తరబడి జ్ఞాపకముంచుకొనుట దీని బలముచేతనే.

ఉంగరము పుట్టుటకు మాత్రము మూలము తల చర్మములోనే యున్నది. తిన్నని జుట్టు మొలచు రోమకూపము నిలువుగా దిగిన గొట్టమువంటిది. బిగువైన ఉంగరముల రోమకూపము కొడవలివలె వంగి యుండును. దానినుండి వచ్చు వెండ్రుక అడ్డుకోత గుండ్రముగాక కోలగా, బల్లపరుపుగా ఉండును. వంపు లోపలివైపు కణములును, వెలుపలివైపు కణములును ఒకే తీరుగా గట్టిపడవు. వెండ్రుక ఇంకను మెత్తగా ఉన్నపుడే ఆ వంపులో గంధక బంధములు బిగిసిపోవును. ఇక్కడ ఒక్కమాట చెప్పవలసి యున్నది. జాతినిబట్టి జుట్టు పదార్థము వేరను అభిప్రాయము కొందరిలో కలదు. అది సరికాదు. కెరటిన్ అందరిదియు ఒక్కటే. భేదము ఆకారములో నున్నది. అయితే ఈ ఆకారముచేతనే బిగువైన ఉంగరపు వెండ్రుక ప్రతి మలుపునందును ఒత్తిడికి గురియగును. దువ్వునపుడు అక్కడనే తెగును. మాడునుండి ఊరు సహజతైలము అన్ని మలుపులు దాటి కొనదాక పోజాలదు గనుక కొనలు పొడిబారును. మందు వేయకమునుపే ఆ జుట్టు సుకుమారమన్నమాట.

దానిని సాపు చేయుటకు మొదట వాడినది వేడి. ఇత్తడి లేక ఇనుప దువ్వెనను కాచి, నూనె రాచిన జుట్టుగుండ లాగెడివారు. ఇరువదవ శతాబ్దపు తొలి దశాబ్దములలో ఈ వ్యాపారము నడపి, ఆఫ్రికా సంతతి స్త్రీలకు వేలకొలది ఉద్యోగములు కల్పించిన మేడమ్ సి. జె. వాకర్ (1867–1919) పేరు అమెరికా చరిత్రలో నిలిచినది. కాని వేడిదువ్వెన విడదీయునది ఉదజని బంధమునే. వాన చినుకు పడినను, చెమట పట్టినను జుట్టు మొదటికి వచ్చును.

గంధక బంధముమీద చేయి వేసిన మందులు తరువాత వచ్చినవి. క్లీవ్‌లాండు నగరములో గారెట్ మోర్గన్ అను దర్జీ యుండెను. కుట్టుమిషను సూది రాపిడికి వేడెక్కకుండ ఒక ద్రవము తయారుచేయుచు, చేతికంటినది నూగుబట్టకు తుడువగా ఆ నూగు తిన్నబడెనట. పొరుగింటి కుక్కమీద ప్రయత్నించి, ఆపైన తన తలకే రాచుకొనెనట. కథలో కొంత అతిశయోక్తి ఉండవచ్చును గాని, 1913 నాటికి ఆయన ఈ మందు అమ్ముటకు కంపెనీ పెట్టినమాట నిజము. నిప్పుమాపు దళములకు ఉపకరించు పొగతొడుగునకు 1914 లోను, కూడలిలోని రాకపోకల సంకేతయంత్రమునకు 1923 లోను పేటెంట్లు పొందినదియు ఈయనయే.

మగవారి పద్ధతి మరింత మొరటుది. దాహక సోడాలో బంగాళాదుంపలు, గ్రుడ్లు కలిపి ఇంటనే ముద్ద చేసి తలకు పట్టించెడివారు. దీనిని కాంకు అనిరి. మాడు మండిపోవు ఆ అనుభవమును, తరువాత దాని విషయమై తాను పడిన సిగ్గును మాల్కం ఎక్స్ 1965 లో వెలువడిన స్వీయచరిత్రలో వర్ణించెను. ఇంత ప్రమాదకరమైన ముద్దను కొలతకు లోబడిన మందుగా మార్చిన వ్యాపారులలో ముఖ్యుడు షికాగోకు చెందిన జార్జి జాన్సన్. 1954 లో ఆయన వ్యాపారమునకు అప్పు అడుగగా బ్యాంకువారు ఇవ్వలేదు. మరియొక శాఖకు పోయి, భార్యతో విహారయాత్రకని చెప్పి 250 డాలర్లు తెచ్చి కంపెనీ ప్రారంభించెను. ఆ కంపెనీయే 1971 లో అమెరికన్ స్టాక్ ఎక్స్చేంజిలో నమోదైన మొదటి నల్లజాతివారి సంస్థ.

ఈ మందులో నున్నదేమి? దాహక సోడాయే, అనగా సోడియం హైడ్రాక్సైడ్. నూనె, నీరు, మైనపు పదార్థములతో చిలికిన వెన్నవంటి లేపములో నూటికి 2 పాళ్ల ప్రాంతమున ఉండును. ఐరోపా సమాఖ్య నియమములనుబట్టి సామాన్యులు వాడు లేపములలో ఇది నూటికి 2 పాళ్లకు, నిపుణులు వాడువానిలో నాలుగున్నర పాళ్లకు మించరాదు. రెండు పాళ్లనిన స్వల్పమని తోచవచ్చును. కాలేజీ ప్రయోగశాల భాషలో అది అర నార్మాలిటీ ద్రావణము. విద్యార్థులు బ్యూరెట్టులో పోయు క్షారముకన్న సాధారణముగ అయిదు రెట్లు గాఢము. దాని పి.హెచ్. విలువ 13 దాటును. చర్మపు పైపొర పి.హెచ్. సుమారు 5. ఈ కొలమానములో ఒక్కొక్క అంకెకు పదేసి రెట్లు భేదము గనుక, రెండింటి నడుమ అంతరము పది కోట్ల రెట్లు! దాహక సోడాలో అల్యూమినియము డబ్బా కరగిపోవుటను 2009 నాటి ఒక అమెరికా చలనచిత్రములో చూపి ప్రేక్షకులను జడిపించిరి. ఆ డబ్బా కరగినది తలకు రాయు లేపములో కాదు, గాఢద్రావణములో. అయినను అల్యూమినియము గిన్నెలో ఈ లేపమును కలుపరాదన్న మాట దానివలన బాగుగా మనసుకు పట్టును.

క్షారము తగులగానే వెండ్రుక ఉబ్బును, పొలుసులు తెరచుకొనును, మందు నడిమి పొరలోనికి దిగును. అక్కడ గంధకపు మెట్టు విరుగును. రెండు గంధక పరమాణువులలో ఒకటి తొలగిపోయి, మిగిలిన ఒక్కదానితోనే రెండు పోగులు మరల ముడిపడును. ఈ కొత్త ముడికి లాంథియొనిన్ అని పేరు. 1941 లో శాస్త్రజ్ఞులు దీనిని మొట్టమొదట వేరుచేసినది దేనినుండి? సోడియం కార్బొనేటుతో ఉడికించిన ఉన్నినుండి. అనగా గంగాళములో ఉడికిన మన శాలువనుండియే. లాటిను భాషలో ఉన్నికి గల పేరే ఇందులో మొదటి భాగము.

ఈ ముడి విషయమున ముఖ్యమైనదేమనగా అది మరల విడిపోదు. పోయిన గంధకము తిరిగి రాదు. చల్లని శాశ్వతతరంగ పద్ధతిలో వాడు థయోగ్లైకొలేట్ మందు దీనికి భిన్నము. అది మెట్టును విడదీయునే గాని గంధకమును తీసివేయదు. తరువాత హైడ్రొజన్ పెరాక్సైడు పూసినచో అదే మెట్టు కొత్తచోట మరల కూడును. అది మేకును ఊడదీసి వేరొకచోట కొట్టుటవంటిది. దాహక సోడా చేయు పని మేకును కోసి అతుకు వేయుట.

ఇక సగము సంగతి. వెండ్రుకలో లక్షోపలక్షల గంధకపు మెట్లు కలవు. సగము సడలింపనగా ప్రతి మెట్టును సగము వంచుట కాదు, అట్టిది లేదు. ఏ మెట్టుకు ఆ మెట్టు మారినదో మారనిదో. వానిలో కొన్ని మారి, తక్కినవి మారకుండనే క్షారమును కడిగివేయుటయే సగము సడలింపు. మందు వెలుపలినుండి లోనికి పోవును గనుక వెండ్రుక పైభాగమున ఎక్కువ మారును, నడుమ తక్కువ మారును. లోన మిగిలిన పాత బంధములే ఉంగరమును కొంతవరకు నిలుపును. ఎన్ని మారవలెనన్నది మందు రకముకన్న కాలముమీదనే ఆధారపడి యున్నది. పూర్తిగా సాపు చేయుటకు డబ్బాలమీద సాధారణముగ 13 మొదలు 18 నిమిషముల గడువు ముద్రింతురు. సగము సడలింపునకు అందులో సగముకన్న తక్కువయే.

అరిసెలు వండినవారికి ఈ కష్టము వెంటనే తెలియును. పాకము ముదురువరకు పొయ్యిమీద నుంచుట ఎవరైనను చేయగలరు. ముదిరిన తరువాత ఒక నిమిషము అటైనను ఇటైనను పెద్ద తేడా లేదు. ఉండపాకము వద్ద దించుటయే నేర్పు. అక్కడ అర నిమిషమునకే పాకము మరియొకటగును. మించినదానిని వెనుకకు తేలేము. వెండ్రుకయు అంతే. మొదటి నిమిషములలో మార్పు చురుకుగా సాగును. చివరి నిమిషములలో మారవలసినవి చాలభాగము మారిపోయి యుండును గనుక మందగించును. పూర్తి సడలింపు ఈ మందగించిన చోట ఆగును. సగము సడలింపు చురుకుగా పరుగెత్తుచున్న చోట ఆగవలెను.

ఇందు మరియొక చిక్కు. లేపమును తలయంతటికి పూయుటకు పది నిమిషములు పట్టెననుకొందము. మొదట పూసిన పాయకు, చివర పూసిన పాయకు పది నిమిషముల తేడా. గడువు 18 నిమిషములైనపుడు రెండును చివరకు సాపుగానే తేలును. కంటికి భేదము కనబడదు. గడువు 6 నిమిషములైనపుడు పూత ముగియకమునుపే మొదటి పాయ గడువు దాటిపోవును! వెనుక తల సాపుగను, ముందుతల ఉంగరములుగను తేలిన తలలు పెక్కింటికి కారణము ఇదియే. దీనికి మందును నిందించి ప్రయోజనము లేదు. జుట్టును నాలుగు భాగములుగా విడదీసి ఒక్కొక్కదానికి వేరుగా కాలము లెక్కించుట, ఇద్దరు చేరి త్వరగా పూయుట, తక్కువ గాఢతగల లేపమును ఎన్నుకొనుట, ఇవియే ఉపాయములు. తలలో అన్నిచోట్ల వెండ్రుక ఒక్కతీరుగ నుండదు. కణతలవద్దను నుదుటి అంచునను సన్నము. అక్కడ అన్నింటికన్న చివర పూయుదురు. మాడును అంటియున్న భాగమున శరీరపు వేడిమి తగులును గనుక మార్పు వేగము. వేడిమి పెరిగినకొలది రసాయనిక చర్య వేగము పెరుగునన్నది తెలిసినదే. వేసవిలో ఉక్కగదిలో పట్టు కాలము, చల్లని గదిలో పట్టు కాలము ఒక్కటి కాదు.

ఇన్ని చిక్కులున్నను మొదటిసారికి ఒక వరము కలదు. అంతవరకు మందు తగులని జుట్టు మొదలునుండి కొనదాక దాదాపు ఒక్క గుణముతో నుండును. ఈ అవకాశము మరల రాదు. అందువలన తలయంతటికి పూయకమునుపు వెనుక అడుగుభాగమున కనబడని ఒక చిన్న పాయను ఎన్నుకొని పరీక్షింతురు. లేపము పూసి, నిమిష నిమిషమునకు దువ్వెన వీపుతో నిమిరి వదలిపెట్టి చూతురు. పాయ వెంటనే ముడుచుకొన్నచో ఇంకను బిగువున్నది. బద్ధకముగా వెనుకకు పోవుచున్నచో సడలింపు మొదలైనది. కదలక పడియున్నచో హద్దు దాటినది. కోరిన స్థితికి కొంచెము ముందుగనే కడుగవలెను. నీళ్లు పోయుచున్నంతసేపును లోపలి క్షారము పనిచేయుచునే యుండును. కడిగి, ఆరబెట్టి, అపుడుగాని ఫలితము నిజముగ తెలియదు. తడిసిన వెండ్రుక తన బరువుకే సాగి యుండును. ఈ పాయ ఆరి, దాని సాగుడును బలమును చూచుకొన్న తరువాతనే తక్కిన తల సంగతి. తొందరలో ఈ మెట్టును దాటవేయువారే ఎక్కువ.

తల చర్మమును కాపాడుట వేరొక పని. మందు వేయుటకు ముందు రోజులలో తలను గోకరాదు, దురుసుగా దువ్వరాదు, ఆనాడు తలంటుకొనరాదు. గోటిగీరవంటి కంటికి కనబడని గాయముగుండ కూడ క్షారము లోనికి పోవును. పుండ్లు, చుండ్రు పొక్కులు ఉన్నపుడు ఆ తలంపే మానుకొనవలెను. మాడుకు, చెవులకు, నుదుటి అంచుకు పెట్రోలియము జెల్లీ పూయుదురు. లేపము జుట్టుకే గాని చర్మమునకు తగులరాదు. “మండుచున్నది” అన్నంతనే కడిగివేయవలసినదే. మంట ఎక్కువైనకొలది మందు బాగుగా పనిచేయుచున్నదను నమ్మకము కాంకు కాలమునాటిది. దానిలో నిజము ఇసుమంతయు లేదు. గోరువెచ్చని ధారతో చాలసేపు కడిగిన పిదప ఆమ్లస్వభావముగల షాంపూ వాడుదురు. కొన్ని షాంపూలలో సూచికద్రవ్యము కలిపి యుండును. క్షారము మిగిలియున్నచో నురుగు గులాబిరంగు తేలును. అది తెల్లబడువరకు మరల మరల కడుగవలెను. ఫినాఫ్తలీనుతో అంత్యస్థానమును చూచిన విద్యార్థికి ఇది పాత పరిచయమే. వెండ్రుక స్వభావమునకు కొద్దిపాటి ఆమ్లమే హితము; మన శీకాయ రసమును పుల్లనిదే.

దాహక సోడా లేని మందులనియు కలవు. వానిలో కాల్షియం హైడ్రాక్సైడు లేపమును, గ్వానిడిన్ కార్బొనేటు ద్రవమును వాడుటకు ముందు కలిపినపుడు గ్వానిడిన్ హైడ్రాక్సైడు పుట్టును. చర్మమునకు మంట కొంత తక్కువ. సోడా లేదన్న అట్టమీది మాటను చూచి క్షారమే లేదనుకొనుట పొరపాటు; పి.హెచ్. విలువ ఇందును అంతే, జుట్టులో జరుగు మార్పును అదే. పైగా కాల్షియము మరకలు వెండ్రుకను పట్టి పొడిబార్చును.

సరి, మొదటిసారి చక్కగా ముగిసినది. వెండ్రుక నెలకు సుమారు ఒక సెంటీమీటరుకన్న కొంచెము ఎక్కువ పెరుగును. రెండు నెలలకు మాడువద్ద రెండు సెంటీమీటర్ల కొత్తజుట్టు తన పుట్టుకరూపముతోనే వచ్చును. రోమకూపము వంపును ఏ లేపమును మార్చలేదు గదా. ఇపుడు ఒకే వెండ్రుకలో రెండు జాతులు: మొదట బిగువు, కొనలో సడలింపు. రెండు కలియు గీత వద్దనే దువ్వెన తగిలినపుడు తెగును. రెండవసారి ఆ రెండు సెంటీమీటర్లకు మాత్రమే లేపము పూయవలెను. పాతభాగమునకు మరల తగిలినచో మొదట మిగిల్చిన బంధములును పోయి, సగము సడలినది పూర్తిగా సాపగును, లేదా తునిగిపోవును. అట్లు నాలుగైదు మార్లు జరిగిన తలలో సగము సడలింపు మిగులదు. పాత ఉంగరమే కావలెనన్నచో మందు తగిలిన భాగము కత్తెరకు పోవలసినదే. ఏడాదికి వచ్చు కొత్తజుట్టు 15 సెంటీమీటర్ల లోపే.

ఇటీవల మరియొక విచారము తలయెత్తినది. అమెరికాలో సిస్టర్ స్టడీ అను దీర్ఘకాలిక పరిశోధనలో 33,497 మంది స్త్రీలను సుమారు 11 సంవత్సరములు గమనించిరి. వారిలో 378 మందికి గర్భాశయపు క్యాన్సరు వచ్చెను. జుట్టును సాపుచేయు మందులను ఎన్నడును వాడనివారిలో 70 ఏండ్లు వచ్చులోగా ఈ వ్యాధి సోకునవారు నూటికి 1.64 మంది అనియు, ఏడాదిలో నాలుగుసార్లకు మించి వాడువారిలో 4.05 మంది అనియు 2022 లో అంచనా ప్రకటించిరి. జుట్టు రంగులలో అట్టి సంబంధము కనబడలేదు. ఏ మందులో ఏ పదార్థము కారణమో ఈ లెక్క చెప్పదు. వారు వాడిన డబ్బాల పేర్లు, పాళ్లు సేకరింపబడలేదు. ఇద్దరి నడుమ సంబంధము కనబడినంత మాత్రమున ఒకటి రెండవదానికి కారణమని స్థిరపడదు. కాని అపాయమునకు, వాడుక తరచుదనమునకు ముడి కనబడుచున్నది గనుక ఏటేట ఎన్నిమార్లు అను ప్రశ్న ప్రతి స్త్రీయు వేసికొనదగినదే.

అసలు ఎందులకీ శ్రమ అని దూరమునుండి అడుగుట సులభము. బిగువైన ఉంగరముల జుట్టు శుభ్రముగా లేదని బడులలో పిల్లలను, కొలువులలో పెద్దలను అడ్డగించిన కాలము అక్కడ చాలకాలము నడచినది. జుట్టు తీరునుబట్టి వివక్ష చూపరాదని కాలిఫోర్నియా రాష్ట్రము చట్టము చేసినది 2019 లోనే. ఉన్నజుట్టును ఉన్నట్లే ఉంచుకొను స్త్రీలు ఇపుడు అక్కడ పెరుగుచున్నారు. సడలించుకొనువారును కలరు. పూర్తిగా సాపు చేయక సగముతో తృప్తిపడుటలో కొంత ఈ రెండు దారుల నడుమ నిలుచు తలంపును ఉండవచ్చును.

తెలుగువారికి దీనితో ప్రత్యక్షముగా పని తక్కువయే గాని బొత్తిగా లేకపోలేదు. హైదరాబాదు, విజయవాడ వంటి నగరములలోని బ్యూటీ పార్లర్లలో స్ట్రెయిటెనింగ్, స్మూతెనింగ్ అను పేర్లతో చేయునది చాలవరకు థయోగ్లైకొలేట్ జాతి మందుతోనే. అమెరికా చేరిన తెలుగు యువతి, ఇక్కడ అట్లు చేయించుకొన్న జుట్టుమీద అక్కడి దుకాణములో దొరకిన రిలాక్సరు పూసినచో రెండు మందుల దెబ్బయు ఒకే వెండ్రుకమీద పడును. ఒకటి మేకును ఊడదీసినచోట రెండవది కోయును. జుట్టు చేతికి కుచ్చులుగా రావచ్చును. ఈ రెండు జాతుల మందులను ఒకే జుట్టుమీద వాడరాదన్నది కేశకళ నేర్పు పుస్తకములన్నింటను గల నియమము. పైగా ఆ డబ్బాలమీది నిమిషములు దట్టమైన ఉంగరములకు లెక్కించినవి. అలలు మాత్రము తిరిగిన మన జుట్టుకు కావు.

వృత్తి తెలిసినవారు మొదటిసారి చేసిననాడే ఒక కాగితముమీద లేపము పేరు, గాఢత, గదివేడిమి, తలలో ఏ భాగమున ఎన్ని నిమిషములు ఉంచినది వ్రాసి పెట్టుకొందురు. పరీక్షించిన పాయనుండి నాలుగు వెండ్రుకలు కత్తిరించి దానికే అంటింతురు. రెండు నెలల తరువాత కొత్తజుట్టును పాతదానితో సరిపోల్చుటకు వారికి వేరు కొలత లేదు.